బోర్డు మీద సున్నా

షారోన్ ఆ పొద్దున క్లాసులో చెప్పినదంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. ఆ ముక్క అబద్ధమని ఆమెకే తెలియదు. తెలియదు కాబట్టే అంత ధీమాగా చెప్పింది.

చెప్పమన్నది కాత్యాయని మేడం. యూనివర్సిటీలో ఎం.కామ్ పిల్లలకి కాస్ట్ అకౌంటింగ్ పాఠం చెప్పే ఆవిడకి, పుస్తకంలో ఉన్నది బయట ఎక్కడైనా జరిగిందంటే పట్టరాని సంతోషం. ఒకప్పుడు తన దగ్గరే చదువుకున్న షారోన్ ఇప్పుడు నాచారంలో ఒక వాల్వుల షెడ్డులో ఖర్చుల లెక్కలు చూస్తోందనీ, అక్కడ పాడైన పీసుల ఖర్చుని సున్నాకి తెచ్చిందనీ విని, "ఒక్క గంట వచ్చి మా పిల్లలకి చెప్పమ్మా" అని పిలిచారు. ఇక చూడండి మన షారోన్ హడావిడి. గంజిపెట్టిన చీర, కొత్త చెప్పులు, అద్దం ముందు రెండుసార్లు ఉపన్యాసం. తార్నాకలో ఇల్లు దాటుతుంటే తల్లి రూతు చూసి, "పరీక్ష రాయడానికి వెళ్తున్నావా, పెట్టడానికా?" అని నవ్వింది. రూతు అదే క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్‌కి మేట్రన్. దసరా సెలవుల తర్వాత ఆ రోజే హాస్టల్ తెరుస్తున్నారు. "ఇవాళ మీ కొత్త వాల్వులతోనే వంట. అన్నం ఎలా ఉడుకుతుందో చూస్తాగా!" అంటూ ఆవిడ కూతురి కంటే ముందే బయల్దేరిపోయింది.

క్లాసులో షారోన్ చెప్పింది ఇదీ. వాల్వులు పోత పోసిన ఇత్తడి దిమ్మెలుగా బయటి ఫౌండ్రీ నుంచి వస్తాయి. లేత్ మీద పెట్టి చెక్కుతుంటే కొన్నిట్లో గాలి బుడగ బయటపడుతుంది. బుడగ పడ్డ పీసు ఇక పనికిరాదు. దాని మీద ఎర్రరంగు చుక్క పెట్టి, ఫోర్‌మన్ బల్ల పక్కనున్న ఇనప తొట్టిలో పడేస్తారు. చుక్క పెడుతుంటే పక్క లేత్ మీదివాడు "పెళ్ళికూతుర్ని చేశావా?" అని ఆటపట్టిస్తాడు, అంతటితో సరి. ఆ ఖర్చుని పాత అకౌంటెంటు షెడ్డు ఖర్చుల్లో కలిపేసి, అన్ని జాబుల మీదా, అంటే ఆర్డర్లన్నిటి మీదా, తలా కాస్త వేసేవాడు.

"మెస్సులో కూర మాడితే బిల్లు అందరికీ పడుతుంది కదా, అలాగన్నమాట" అంది షారోన్. పిల్లలు నవ్వారు. "దాంతో మాడ్చినవాళ్ళకి నొప్పి తెలియదు. నేనేం చేశానంటే, ఏ జాబులో పీసు పాడైతే ఆ జాబు మీదే ఆ ఖర్చు వేశాను. ఎవరి లేత్ మీద పాడైందో వాళ్ళ పేరు గేటు దగ్గర బోర్డు మీద రాయించాను. రెండో నెల తిరిగేసరికి బోర్డు మీద సున్నా. అప్పట్నుంచీ సున్నాయే."

చప్పట్లు మోగాయి. కాత్యాయని మేడం ముఖం వెలిగిపోయింది. షారోన్‌కి ఆ క్షణాన నేల మీద కాళ్ళు ఆనలేదు.

ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచింది. స్నిగ్ధ అట, మల్కాజ్‌గిరి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. "మేడం, చిన్న డౌట్. ఫౌండ్రీ మార్చిన్రా?"

"లేదు. పాతదే."

"మరి బుడగ పోత పోసేటప్పుడే వస్తది కదా మేడం? లేత్ మీద చేసేటోళ్ళ పేరు బోర్డు మీద రాస్తే, లోపలున్న బుడగ ఎట్ల పోతది? ఎక్కడికి పోయింది మరి?"

వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. షారోన్ "జాగ్రత్త పెరిగింది కదా, మనిషికి బాధ్యత తెలిస్తే..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. మనిషికి బాధ్యత తెలిస్తే ఇత్తడికి తెలుస్తుందా? అంతదాకా కళ్ళ ముందు మెరిసిన ఆ సున్నా ఒక్కసారిగా ఇంకోలా కనిపించింది. సున్నా అంటే పాడైన పీసులు లేకపోవడం కాదు, ఎవరూ చూపించకపోవడం. తొట్టి ఖాళీగా ఉందంటే, అందులో పడాల్సినవి పెట్టెల్లోకి ఎక్కి ఎక్కడికో వెళ్ళిపోయాయన్నమాట.

ఎక్కడికి?

షెడ్డునుంచి వెళ్ళిన ఆఖరి జాబు హాస్టల్‌ది. ఆర్డరు తెచ్చిపెట్టింది స్వయంగా షారోనే. మెస్సు కాంట్రాక్టరు కొత్త వాల్వులు వెతుకుతున్నాడని అమ్మ చెబితే, "మా దగ్గర చేయించండి" అని అడిగి మరీ తెచ్చింది. ఆవిరితో వండే పెద్ద గుండిగలకి ఆవిరి వదిలే, ఆపే వాల్వులు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరంతా వాటి గొంతులోంచే పోవాలి. రూతుకి ఒక అలవాటుంది. అన్నం ఉడుకు పట్టగానే గుండిగ పక్కన నిలబడి, వాల్వు పక్కనే ముఖం పెట్టి వాసన పీల్చి, "ఇంకాస్త వదులు, ఇక ఆపు" అని చెబుతుంది. ఆ ముక్కు ఇంతవరకూ తప్పలేదని హాస్టల్ అంతా అంటుంది.

షారోన్ "మేడం, ఒక్క ఫోను చేసుకొస్తాను" అని వరండాలోకి వచ్చింది. ఫోర్‌మన్ ప్రభుదాసుకి చేసింది. షెడ్డులో కష్టమైన పీసులన్నీ ఇప్పటికీ ఆయనే చెక్కుతాడు. తార్నాకలో వాళ్ళ చర్చికే వస్తాడు. షారోన్ చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆమెకి పాటలు నేర్పింది ఆయనే.

"అంకుల్, ఒక్క మాట నిజం చెప్పండి. హాస్టల్ జాబులో బుడగలొచ్చిన పీసులున్నాయా?"

అవతల లేత్ చప్పుడు దూరమైంది. ఆయన బయటికి నడిచొచ్చినట్టున్నాడు.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

ఆ ఒక్క మాట చాలింది షారోన్‌కి. గోడకి ఆనుకుంది. "ఉన్నాయా లేవా చెప్పండి!"

"నా లేత్ మీదే వచ్చాయమ్మా, రెండో మూడో. లప్పం పెట్టి పాలిష్ పట్టాను. నీళ్ళతో ఒత్తిడి పెట్టి చూశాను, చుక్క కారలేదు."

"ఆవిరితో?"

"మన షెడ్డులో ఆవిరెక్కడిదమ్మా?"

"మీరు చేశారా అంకుల్? మీరు?"

ఆయన గొంతు కిందికి దిగిపోయింది. "పొద్దున్నే గేటు దగ్గర నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ళు నిలబడి నా పేరు పైకి చదువుతుంటే తల ఎత్తుకోలేకపోయానమ్మా. అంతకుముందు ఎన్ని పీసులు తొట్టిలో వేశానో, ఒక్కనాడైనా సిగ్గుపడ్డానా? పోతలో బుడగ నా తప్పా? బోర్డు మీద ఎక్కాక అది నా తప్పే అయిపోయింది."

"ఏ వాల్వులో గుర్తుందా?"

"ఎర్ర చుక్క గీకేసి లప్పం పూశాను కదా. ఇప్పుడు చూస్తే నాకే తెలియదు." ఒక్క క్షణం ఆగాడు. "ఏ హాస్టలమ్మా అది?"

"అమ్మ హాస్టల్."

"దేవా!" అన్నాడు ప్రభుదాసు.

షారోన్ తల్లికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. రూతు ఫోను ఒకసారి సాంబారులో పడింది. అప్పట్నుంచీ ఆవిడ వంటింట్లోకి వెళ్తూ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. దీని మీద ఇంట్లో ఎన్ని జోకులు వేసుకున్నారో! ఇప్పుడు ఆ మోత చెవిలో వింటుంటే షారోన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. మెస్సు కాంట్రాక్టరు ఫోను కలవలేదు. హాస్టల్ ఆఫీసు నంబరు ఆమె దగ్గర లేదు. అమ్మ నంబరుంటే చాలదా అనుకుంది ఇన్నేళ్ళూ.

మేడంకి చెప్పకుండానే స్కూటీ తీసింది. క్యాంపస్ లోపలినుంచి వెళ్తే ఎంతో దూరం లేదు, కానీ స్నాతకోత్సవం ఏర్పాట్లని ఆ రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పెట్టారు. సెక్యూరిటీ మనిషి చేయి ఊపాడు. "గీడికెళ్ళి బంద్ మేడం. తార్నాక దిక్కు తిరిగి పోండ్రి."

"అర్జెంటు బాబూ, అక్కడ ప్రమాదం..."

"అందరికీ అర్జెంటే మేడం."

వాదిస్తే ఇంకా ఆలస్యం. తిప్పింది. తార్నాక సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. ముందు బస్సు, పక్కన ఆటోలు, పైన మెట్రో రైలు తాపీగా వెళ్తోంది. ఇటు కదలడానికి లేదు, అటు తిప్పడానికి లేదు. మెస్సులో పన్నెండున్నరకి వడ్డన. అంటే గుండిగల కింద ఆవిరి ఈపాటికే వదిలి ఉంటారు. ఆవిరి మెల్లగా ఎక్కుతుంది. లప్పం వేడికి మెత్తబడుతుంది, ఊడిందంటే ఆవిరి ఎదురున్నవాళ్ళ ముఖాన చిమ్ముతుంది. మెత్తబడేదాకా గట్టిగానే ఉంటుంది, ఏమీ కానట్టే ఉంటుంది. అదీ అసలు భయం. షారోన్ కళ్ళు మూసుకుంటే తల్లి ముఖమే. వాసన చూడటానికి వంగిన ముఖం, కళ్ళు సగం మూసుకుని. ఎంత ప్రార్థన చేద్దామన్నా మాటలు కుదరలేదు. "వద్దు, వద్దు, వద్దు" అని మాత్రం అనుకుంటూ ఉంది. పక్క ఆటోలో ముసలాయన వింతగా చూశాడు. ఆకుపచ్చ దీపం పడగానే హారన్ మీద నుంచి చేయి తీయకుండా తోసుకుపోయింది. వెనకనుంచి ఎవరో తిట్టారు. తిట్టనీ.

హాస్టల్ ముందు స్కూటీ స్టాండు కూడా వేయలేదు, పడేసింది. కొత్త చెప్పుల్లో ఒకటి మెట్ల దగ్గరే ఊడిపోయింది.

వంటింట్లోకి అడుగుపెట్టగానే ఆవిరి మబ్బులా కమ్మింది. బాయిలర్ హోరు. వరసగా గుండిగలు, ఒక్కోదాని పక్కన తళతళలాడే ఇత్తడి వాల్వు. ఎంత బాగా పాలిష్ పట్టారో! కిటికీ పక్క గుండిగ దగ్గర వంటమనిషి సాలమ్మ వాల్వు చక్రం మీద చేయి వేసి నిలబడింది. ఆమె పక్కన రూతు. అప్పటికే వంగుతోంది.

"అమ్మా! పక్కకి రా! సాలమ్మా, చెయ్యి తియ్యి!"

ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. షారోన్ గొంతు చించుకుని మళ్ళీ అరిచింది. సాలమ్మ తల తిప్పి, "ఏంది బిడ్డా?" అంది, చేయి అక్కడే ఉంచి. షారోన్ పరుగున వెళ్ళి తల్లి భుజం పట్టుకుని ఒక్క లాగు లాగింది. రూతు తూలి వెనక్కి పడబోయి, బియ్యం బస్తా మీద కూలబడింది. "పిచ్చి పట్టిందా నీకు?" అని కసిరింది. షారోన్ వినిపించుకోలేదు. గోడ దగ్గర ఆవిరి వచ్చే పెద్ద పైపుకి పాత వాల్వుంది, అది తమ షెడ్డుది కాదు. చీర కొంగు చేతికి చుట్టుకుని ఆ చక్రాన్ని తిప్పింది. కాలింది. తిప్పింది. "బాయిలర్ బంద్ చెయ్యమను సాలమ్మా! అందర్నీ బయటికి పంపు!"

సాలమ్మకి ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ ముఖం చూశాక ప్రశ్న వేయలేదు. వెనక తలుపు తీసి, "బాయిలర్ బంద్ చెయ్‌రా! జల్ది!" అని కేక పెట్టింది. హోరు తగ్గింది. గుండిగల్లో బుసబుస ఆగింది. ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు కత్తులు పట్టుకునే బయట వసారాలో నిలబడ్డారు.

"సగం ఉడికిన అన్నం! పిల్లలంతా ఇవాళే వచ్చారు, ఏం పెట్టమంటావు?" రూతు గొంతులో కోపం. షారోన్ గుండిగ చల్లబడేదాకా నేల మీద కూర్చుండిపోయింది. అరచేయి బొబ్బ లేచింది.

చల్లారాక కిటికీ పక్కనున్న వాల్వు దగ్గరికి వెళ్ళింది. గొంతు దగ్గర, అతుకేమీ లేనిచోట, ఒక నీటిబొట్టు నిలిచి ఉంది. జడలోంచి పిన్ను తీసి అక్కడ గీకింది. నానిన సబ్బులా లప్పం ఊడొచ్చింది. దాని వెనక వేలికొస పట్టేంత గుంట. గుంట అడుగున ఇత్తడి కాగితమంత పల్చగా ఉంది. ఆ పల్చటి చోట, గీకినా పోని ఎర్రరంగు.

రూతు కూతురి భుజం మీదుగా చూసింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఆ గుంట ఎటు తిరిగి ఉందో చూసి, తాను నిలబడే చోటు చూసి, మెల్లగా చేతులతో తన ముఖం తడుముకుంది. బుగ్గలు, కళ్ళు, ముక్కు. అన్నీ ఉన్నాయా అన్నట్టు.

"ఇంకో జెర్రసేపైతే..." అంది సాలమ్మ.

"ప్రభుదాసు అంకుల్ చేశాడమ్మా" అంది షారోన్. వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు. నేను చేయించాను. బోర్డు పెట్టింది నేనే." ఇక ఆగలేదు, ఏడ్చింది. రూతు దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాత అడిగింది.

"మిగతావో?"

"ఇక్కడివన్నీ సాయంత్రానికల్లా విప్పించేస్తానమ్మా."

"ఇక్కడివి కాదే. సున్నా సున్నా అని ఇంటికొచ్చి చెప్పావు కదా ఇన్నాళ్ళూ. అప్పట్నుంచీ మీ షెడ్డునుంచి వెళ్ళినవన్నీ ఎక్కడున్నాయి?"

తల్లి బతికిందన్న ఊరట షారోన్‌కి ఆ మాట వరకే దక్కింది.

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళేసరికి ప్రభుదాసు గేటు దగ్గర ఎండలో నిలబడి ఉన్నాడు. "రూతక్క?" అన్నాడు. "బాగానే ఉంది" అని వినగానే అక్కడే కింద కూర్చుండిపోయాడు.

"మిగతా జాబుల్లో ఎవరెవరు లప్పం పెట్టారంకుల్?"

"నావి మాత్రమే నాకు తెలుసమ్మా. ఇలాంటివి ఎవరైనా చెప్పుకుంటారా? ఎవరికి వాళ్ళం దాచుకున్నాం. పక్కవాడికి తెలిస్తే బోర్డు ఎక్కినంత పని."

యజమాని వెంకటసుబ్బారావు గారు విని మండిపడ్డారు. "అమ్మినవన్నీ వెనక్కి పిలిపిస్తావా? పరువేం కావాలి? ఆ ఖర్చు ఎవరి జాబు మీద రాస్తావు చెప్పు, ఆ పద్ధతి నీదే కదా!"

షారోన్ హాస్టల్లో విప్పించి తెచ్చిన ఆ వాల్వుని ఆయన బల్ల మీద పెట్టింది. "ఎవరి జాబు మీదా కాదండి. పాత అకౌంటెంటు గారిలాగే, షెడ్డు మొత్తం మీద. ఆయన లెక్క రాని మనిషి అనుకున్నాను. బుడగలు ఎలాగూ వస్తాయని తెలిసి, అందరి మీదా వేశాడు. అందుకే అప్పుడు తొట్టి నిండేది." ఆయన ఆ గుంటలో వేలు పెట్టి చూశారు. వేలు బయటికి తీయడానికి కాస్త సమయం పట్టింది. మిషన్లు ఆపమని తనే వెళ్ళి చెప్పారు.

షారోన్ గేటు దగ్గర బోర్డు మీద సున్నాని తడిగుడ్డతో తుడిచి, అక్కడ తన పేరు రాసింది. ఎర్రరంగు డబ్బా, ఆ వాల్వూ తెచ్చి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టింది. లేత్‌ల దగ్గర నిలబడ్డవాళ్ళందరి వైపూ చూసింది.

"ఎవరి పేరూ రాయను. ఎవరినీ ఏమీ అనను. ఎక్కడికి వెళ్ళిన జాబులో లప్పం పెట్టారో అది చెప్పండి చాలు. అక్కడ కూడా ఎవరో ఒకరు ముఖం పెట్టి నిలబడి ఉంటారు."

ఎవరూ కదల్లేదు. షారోన్‌కి మళ్ళీ ఆ తార్నాక సిగ్నల్ దగ్గర ఉన్నట్టే అనిపించింది. ఎవరూ రాకపోతే? ఆ గుంటలన్నీ ఎక్కడెక్కడో లప్పం కప్పుకుని, నానుతూ, మెత్తబడుతూ ఉంటే?

ప్రభుదాసు లేచి వచ్చాడు. బల్ల మీది వాల్వు తీసుకుని, దాని మీద నిండుగా ఎర్ర చుక్క పెట్టి, "హాస్టల్. నావే" అని అందరికీ వినపడేలా చెప్పి, తొట్టిలో వేశాడు. ఖాళీ తొట్టి ఖంగుమంది.

ఆ తర్వాత లేత్ కుర్రాడు సామేలు వచ్చాడు. తల వంచుకుని, "వారాసిగూడ లాండ్రీ, అక్కా. ఒక్కటే" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు. "ముషీరాబాద్‌లో ఆసుపత్రి వంటిల్లు." ఆ వెనక ఇంకొకరు. ఇంకొకరు.

ఒక్కరైనా రావాలని ఇందాక ప్రాణాలు ఉగ్గబట్టుకున్న షారోన్, ఇప్పుడు ఇక చాలు, ఆగండి అని అరవాలనిపించి పళ్ళ బిగువున ఆపుకుంది. ఒక్కో చోటు పేరు వింటుంటే, అక్కడ గుండిగ పక్కన నిలబడ్డ ఎవరో ఒకావిడ కళ్ళ ముందు మెదిలింది. ప్రతి ఒక్కరిదీ రూతు ముఖమే.

వరస ఇంకా ఉంది. ఆమె బొబ్బెక్కిన చేతితో ఫోను తీసి, మొదట ఆసుపత్రికి చేసింది. అవతల మోగుతోంది.